అమ్మకం వేరు.. లాభం వేరు.. పన్ను వేరు: సొంత వ్యాపారులు మార్చి 15లోగా తెలుసుకోవాల్సిన లెక్కలివే..!

మైలవరం: కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, సెల్‌ఫోన్ రిపేర్ షాపు, హార్డ్‌వేర్ దుకాణం, మినీ లారీ.. సొంత పేరు మీద చిన్నపాటి వ్యాపారం చేసుకునే వాళ్లందరికీ మార్చి రాగానే ఒకటే అనుమానం. ఇన్‌కమ్ ట్యాక్స్ మనకు వర్తిస్తుందా..? జీఎస్టీ నంబర్ తీసుకోవాలా..? ఫోన్‌పే, గూగుల్‌ పేలో పడిన డబ్బంతా ఆదాయం కింద రాసేస్తారా..?

ఉద్యోగం చేసేవారికి ఈ తలనొప్పి తక్కువ. జీతం ఇచ్చే సంస్థే పన్ను లెక్కేసి, కోసేసి, ఫారం-16 చేతిలో పెడుతుంది. సొంత వ్యాపారికి అలా లెక్క చూసిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. లెక్క తనే వేసుకోవాలి, పన్ను తనే కట్టాలి, రిటర్న్ తనే వేయాలి. ఎన్టీఆర్ జిల్లా మైలవరం లాంటి ఊళ్లలో ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే. జీఎస్టీ చూసేది అమ్మకాన్ని. ఆదాయపు పన్ను చూసేది లాభాన్ని. ఈ రెండూ కలిపేసుకుంటే అనవసరంగా భయపడటమో, అవసరమైన చోట పట్టించుకోకపోవడమో జరుగుతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి అడ్వాన్స్ ట్యాక్స్ గడువు మార్చి 15 కావడంతో అసలు ఎవరికి ఏం వర్తిస్తుందో ఒకసారి చూద్దాం.

కొట్టుకు వేరే పాన్ ఉండదు

ఒక్కరే యజమానిగా నడిపే వ్యాపారాన్ని ప్రొప్రైటర్‌షిప్ అంటారు. బోర్డు మీద దేవుడి పేరు ఉన్నా, పిల్లల పేరు ఉన్నా చట్టం దృష్టిలో కొట్టు, యజమాని ఒక్కటే. కొట్టుకు ప్రత్యేకంగా పాన్ కార్డు ఇవ్వరు. యజమాని పాన్ మీదే అన్నీ నడుస్తాయి. కొట్టు లాభం, ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ.. అన్నీ కలిపి ఒకే రిటర్న్‌లో చూపించాలి. ఒకే వ్యక్తికి మైలవరంలో ఒకటి, జి.కొండూరులో ఒకటి కొట్లు ఉంటే రెండింటి అమ్మకాలూ కలిపే లెక్కేస్తారు. "ఒక్కో కొట్టుకు ఒక్కో పరిమితి" అనుకుంటే పొరపాటే.

అమెరికాలో చెప్పే ఆ ట్యాక్స్ ఇక్కడుందా..?

కృష్ణా డెల్టాలో అమెరికాలో చుట్టాలు లేని ఊరు అరుదు. అక్కడ సొంతంగా పని చేసుకునేవారు 'సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్' గురించి చెబుతుంటారు. అక్కడ ఏడాదికి నికరంగా 400 డాలర్లు, ఆపైన సంపాదించిన స్వయం ఉపాధిదారు మామూలు ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం రేటుతో ఈ పన్ను కడతారు. ఇందులో 12.4 శాతం సోషల్ సెక్యూరిటీకి, 2.9 శాతం మెడికేర్‌కు వెళ్తుంది. ఉద్యోగి అయితే అందులో సగం యజమానే భరిస్తాడు. సొంత వ్యాపారికి రెండు సగాలూ తనవే.

మన దేశంలో ఆ పేరుతో పన్ను లేదు. కానీ దాని వెనకున్న పెన్షన్ భరోసా కూడా ఇక్కడి వ్యాపారికి లేదు. ఉద్యోగికి ఉన్నట్టు నెలనెలా జమయ్యే పీఎఫ్ ఉండదు. కావాలనుకుంటే ఎన్‌పీఎస్ లాంటి పథకంలో సొంతంగా చేరాల్సిందే. ఇక్కడి వ్యాపారి చూసుకోవాల్సినవి ప్రధానంగా మూడు.. కేంద్రానికి కట్టే ఆదాయపు పన్ను, అమ్మకాలు పరిమితి దాటితే జీఎస్టీ, రాష్ట్ర ప్రభుత్వానికి కట్టే వృత్తి పన్ను. వృత్తి పన్ను ఏడాదికి రూ.2,500 మించకూడదని రాజ్యాంగమే పరిమితి పెట్టింది. కాబట్టి అసలు లెక్కంతా మొదటి రెండింటి దగ్గరే ఉంటుంది.

ప్రతి బిల్లూ దాచలేకపోతే..?

చిన్న వ్యాపారి ఏడాది పొడవునా ప్రతి కొనుగోలు, ప్రతి ఖర్చు రాసి పెట్టడం కష్టం. అందుకే ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 44ఏడీ కింద అంచనా లాభం పద్ధతి ఉంది. ఏడాది అమ్మకం రూ.2 కోట్ల లోపు ఉన్నవారు దీన్ని ఎంచుకోవచ్చు. నగదు రూపంలో వచ్చింది మొత్తం వసూళ్లలో 5 శాతం మించకపోతే ఈ పరిమితి రూ.3 కోట్లు. యూపీఐ, కార్డు, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకంలో 6 శాతం, నగదు అమ్మకంలో 8 శాతం లాభం కింద చూపిస్తే సరిపోతుంది. ఖర్చుల పుస్తకాలు, ఆడిట్ అక్కర్లేదు. ఒక్క షరతు.. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపించాలి.

ఉదాహరణకు ఒక కిరాణా కొట్టు ఏడాది అమ్మకం రూ.36 లక్షలు అనుకుందాం. అందులో రూ.24 లక్షలు యూపీఐలో, రూ.12 లక్షలు నగదుగా వచ్చాయి. రూ.24 లక్షల మీద 6 శాతం అంటే రూ.1.44 లక్షలు. రూ.12 లక్షల మీద 8 శాతం అంటే రూ.96 వేలు. మొత్తం లాభం రూ.2.40 లక్షలు. కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల వరకు పన్నే లేదు. అంటే రూ.36 లక్షల అమ్మకం ఉన్నా, వేరే ఆదాయం లేకపోతే ఆదాయపు పన్ను సున్నా.

ఇదే లెక్క రూ.1.20 కోట్ల అమ్మకమున్న హార్డ్‌వేర్ దుకాణానికి వేస్తే.. రూ.90 లక్షలు డిజిటల్, రూ.30 లక్షలు నగదు అనుకుంటే లాభం రూ.5.40 లక్షలు, రూ.2.40 లక్షలు కలిపి రూ.7.80 లక్షలు. దీని మీద శ్లాబు ప్రకారం పన్ను రూ.19 వేలు. అయితే రూ.12 లక్షల లోపు ఆదాయానికి రిబేట్ ఉంది కాబట్టి కట్టాల్సింది సున్నానే.

నగదు కంటే యూపీఐ అమ్మకం మీదే చూపించాల్సిన లాభం తక్కువ అన్నది చాలామంది గమనించని విషయం. క్యూఆర్ కోడ్ తీసేస్తే పన్ను తగ్గుతుందన్నది నిజం కాదు. ఈ పద్ధతిలో చూస్తే లెక్క తిరగబడుతుంది.

అసలు లాభం 6, 8 శాతం కంటే తక్కువే వస్తోందని ఈ పద్ధతి నుంచి మధ్యలో బయటకొస్తే మాత్రం చిక్కు ఉంది. వరుసగా ఐదేళ్లు కొనసాగకుండా బయటకొచ్చినవారికి ఆ తర్వాత ఐదేళ్ల పాటు ఈ వెసులుబాటు దక్కదు. ఆదాయం కనీస మినహాయింపు పరిమితి దాటితే పుస్తకాలు, ఆడిట్ కూడా తప్పవు.

రూ.12 లక్షల వరకు పన్ను లేదు.. మరి రిటర్న్ ఎందుకు..?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కొత్త విధానంలో పన్ను లేని మొదటి శ్లాబు రూ.4 లక్షల వరకే. రూ.4-8 లక్షలకు 5 శాతం, రూ.8-12 లక్షలకు 10, రూ.12-16 లక్షలకు 15, రూ.16-20 లక్షలకు 20, రూ.20-24 లక్షలకు 25, ఆపైన 30 శాతం. రూ.12 లక్షల లోపు ఉన్నవారికి సెక్షన్ 87ఏ కింద గరిష్ఠంగా రూ.60 వేల రిబేట్ ఇచ్చి పన్నును సున్నా చేస్తారు. ఆ రిబేట్ రిటర్న్ వేసినప్పుడే లెక్కలోకి వస్తుంది. అంటే ఆదాయం రూ.4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే. పైన చెప్పిన హార్డ్‌వేర్ దుకాణం యజమాని కట్టేది ఏమీ లేకపోయినా రిటర్న్ తప్పదు.

ఆదాయం రూ.4 లక్షల లోపే ఉన్నా కొందరికి రిటర్న్ తప్పనిసరి. వ్యాపారం అమ్మకం రూ.60 లక్షలు దాటినా, వృత్తి వసూళ్లు రూ.10 లక్షలు దాటినా, ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ కలిపి రూ.25 వేలు, ఆపైన కోత పడినా, సేవింగ్స్ ఖాతాల్లో మొత్తం రూ.50 లక్షలు, ఆపైన జమ అయినా, కరెంటు బిల్లు ఏడాదికి రూ.లక్ష దాటినా రిటర్న్ వేయాలి.

జీతగాళ్లకు దొరికే రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ వ్యాపార ఆదాయానికి లేదు. కాబట్టి "రూ.12.75 లక్షల వరకు పన్ను లేదు" అన్న మాట ఉద్యోగులకే వర్తిస్తుంది. వ్యాపారికి గీత రూ.12 లక్షల దగ్గరే. కొంచెం దాటితే మొత్తం పన్ను నెత్తిన పడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఆదాయం రూ.12.10 లక్షలైతే శ్లాబు ప్రకారం రూ.61,500 పడాలి. కానీ మార్జినల్ రిలీఫ్ వల్ల దాటిన రూ.10 వేల వరకే పన్ను, దాని మీద 4 శాతం సెస్ కడితే చాలు.

ఇంటి రుణం, ఎల్ఐసీ లాంటి మినహాయింపుల కోసం పాత విధానం కావాలనుకునే వ్యాపారి గడువులోగా ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి. ఉద్యోగిలా ఏటా అటూ ఇటూ మారడం కుదరదు. పాత దాని నుంచి ఒకసారి కొత్త విధానానికి తిరిగొస్తే, వ్యాపార ఆదాయం ఉన్నంత కాలం మళ్లీ పాత దానికి వెళ్లే అవకాశం లేదు.

డాక్టర్, ఇంజినీర్, ఏజెంట్, లారీ యజమాని.. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క

6, 8 శాతం లెక్క అందరికీ కాదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లకు సెక్షన్ 44ఏడీఏ ఉంది. వసూళ్లు రూ.50 లక్షల లోపు ఉంటే.. నగదు 5 శాతం మించకపోతే రూ.75 లక్షల వరకు.. అందులో సగం ఆదాయంగా చూపించాలి. ఒక క్లినిక్‌కు ఏడాదిలో రూ.30 లక్షలు వచ్చాయనుకుంటే ఆదాయం రూ.15 లక్షలు. కొత్త విధానంలో పన్ను రూ.1.05 లక్షలు, సెస్‌తో కలిపి రూ.1,09,200.

సొంత లారీలు, మినీ ట్రక్కులు సరుకు రవాణాకు తిప్పేవారికి సెక్షన్ 44ఏఈ. ఏడాదిలో ఏ సమయంలోనైనా పది వాహనాలకు మించి ఉండకూడదు. 12 టన్నుల లోపు వాహనానికి నెలకు రూ.7,500 ఆదాయంగా లెక్కేస్తారు. అంతకంటే పెద్ద లారీకి టన్నుకు నెలకు రూ.1,000. మామిడి సీజన్‌లో నున్న మార్కెట్‌కు తిరిగే మినీ ట్రక్కు ఒకటుంటే ఏడాదికి రూ.90 వేలు. సీజన్ అయ్యాక బండి ఖాళీగా ఉన్నా యజమాని పేరు మీద ఉన్నంత కాలం ఆ నెలలూ లెక్కలోకి వస్తాయి.

కమీషన్ మీద పని చేసేవారికి 44ఏడీ వర్తించదు. బీమా ఏజెంట్, భూముల మధ్యవర్తి, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టేవారు ఖర్చులు రాసుకుని అసలు లాభం చూపించాల్సిందే. డబ్బు బదిలీ సెంటర్ నడిపేవారి ఖాతాలో ఏడాదికి కోటి రూపాయలు తిరిగినా అది వారి అమ్మకం కాదు. చేతికొచ్చిన కమీషనే వారి రాబడి. అయితే ఆ తేడా చూపించడానికి రిజిస్టర్ ఉండాలి.

మామిడి తోట కూడా ఉంటే..?

మైలవరం, రెడ్డిగూడెం, నూజివీడు వైపు కొట్టుతో పాటు తోట ఉన్నవారు చాలామందే ఉంటారు. సొంత తోటలో పండిన కాయ అమ్మితే అది వ్యవసాయ ఆదాయం. దానికి ఆదాయపు పన్ను లేదు. కానీ రైతు దగ్గర చెట్ల మీది కాపు కొని, కోయించి అమ్ముకునే వ్యాపారి లాభం వ్యవసాయ ఆదాయం కాదు. అది వ్యాపారమే. కాయ అదే, చెట్టు అదే అయినా పండించింది ఎవరన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇంకో చిన్న మెలిక ఉంది. అంచనా పద్ధతి ఎంచుకున్నవారు సాధారణంగా వేసేది ఐటీఆర్-4. వ్యవసాయ ఆదాయం ఏడాదికి రూ.5 వేలు దాటితే ఆ ఫారం పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. రెండెకరాల తోట ఉన్నా రూ.5 వేలు దాటడం పెద్ద విషయం కాదు. పన్ను లేని ఆదాయమే కదా అని వదిలేస్తే రిటర్న్ తప్పుల తడకవుతుంది. పైగా మిగతా ఆదాయం కనీస పరిమితి దాటినప్పుడు ఏ రేటు పడాలో తేల్చడానికి వ్యవసాయ ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

మార్చి 15 ఎందుకంత ముఖ్యం..?

టీడీఎస్ పోగా కట్టాల్సిన పన్ను రూ.10 వేలు, ఆపైన ఉంటే రిటర్న్ వేసే దాకా ఆగకూడదు. ఏడాది ముగిసేలోపే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. పుస్తకాలు రాసి అసలు లాభం చూపించేవారికి నాలుగు వాయిదాలు.. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి 100 శాతం పూర్తవ్వాలి. 44ఏడీ, 44ఏడీఏ కింద ఉన్నవారికి వాయిదాలు లేవు. మొత్తం ఒకేసారి మార్చి 15లోగా కట్టేస్తే చాలు.

పైన చెప్పిన క్లినిక్ డాక్టర్‌కు టీడీఎస్ ఏమీ పడలేదనుకుందాం. రూ.1,09,200 మార్చి 15లోగా కడితే వడ్డీ లేదు. మార్చి 31లోగా కట్టినా ఒక శాతం వడ్డీతో పోతుంది. అదే జులైలో కడితే ఆ ఒక శాతంతో పాటు ఏప్రిల్ నుంచి జులై వరకు నెలకు ఒక శాతం చొప్పున మరో నాలుగు శాతం కలుస్తుంది. మొత్తం రూ.5,460 అదనం. రిబేట్‌తో పన్ను సున్నా అయ్యేవారికి ఈ అడ్వాన్స్ ట్యాక్స్ బాధ లేదు.

రిటర్న్ గడువు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2024-25 ఆదాయానికి జులై 31 గడువును ముందు సెప్టెంబర్ 15కి, చివరికి 16కి మార్చారు. అందుకే ఏటా ఆదాయపు పన్ను పోర్టల్‌లో తేదీ చూసుకోవడం మేలు. గడువు దాటాక వేస్తే రూ.5 వేల వరకు ఆలస్య రుసుము. ఆదాయం రూ.5 లక్షల లోపైతే రూ.1,000.

జీఎస్టీ: ఇటు రూ.40 లక్షలు.. అటు రూ.20 లక్షలు

జీఎస్టీ దగ్గర లాభనష్టాలతో పని లేదు. చూసేది ఏడాది మొత్తం అమ్మకాన్నే. ఆంధ్రప్రదేశ్‌లో కేవలం సరుకులు అమ్మేవారికి పరిమితి రూ.40 లక్షలు. తెలంగాణలో అదే సరుకుకు రూ.20 లక్షలు. అంటే మైలవరంలో రిజిస్ట్రేషన్ అక్కర్లేని కొట్టు, సత్తుపల్లిలో ఉంటే తీసుకోవాల్సి రావచ్చు. సేవలు అందించేవారికి రెండు రాష్ట్రాల్లోనూ రూ.20 లక్షలే.

ఇక్కడే రెండు రకాల వ్యాపారులు బోల్తా పడుతుంటారు. ఒకటి టిఫిన్ సెంటర్. ఇడ్లీ, దోశ సరుకు అమ్మకంలా కనిపించినా జీఎస్టీలో హోటల్ వ్యాపారం సేవ కిందే వస్తుంది. కాబట్టి పరిమితి రూ.20 లక్షలు. రోజుకు సగటున రూ.5,500 వ్యాపారం జరిగితే ఏడాదికి ఆ గీత దాటేసినట్టే. రెండోది సెల్‌ఫోన్ షాపు. కవర్లు, ఛార్జర్లు అమ్మడంతో పాటు రిపేర్ కూడా చేస్తే అది కేవలం సరుకుల వ్యాపారం కాదు. అక్కడా రూ.20 లక్షలే వర్తిస్తుంది. ఇటుకలు, ఐస్‌క్రీమ్, పాన్ మసాలా, పొగాకు ఉత్పత్తులు అమ్మేవారికీ రూ.40 లక్షల వెసులుబాటు లేదు.

పరిమితి దాటిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. జీఎస్టీ పడే సరుకును వేరే రాష్ట్రానికి పంపితే అమ్మకం ఎంత తక్కువైనా నంబర్ తీసుకోవాల్సిందే. ఖమ్మం జిల్లా సరిహద్దు దగ్గర్లో వ్యాపారం చేసేవారికి ఇది కీలకం. హస్తకళలకు మాత్రం మినహాయింపు ఉంది. చెక్క బొమ్మలు ఆ జాబితాలో ఉన్నాయి. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసే కళాకారులు మొత్తం అమ్మకం రూ.20 లక్షల లోపు ఉంటే పాన్, ఈ-వే బిల్లుతో వేరే రాష్ట్రాలకు పంపుకోవచ్చు.

నెలనెలా రిటర్న్‌ల గొడవ వద్దనుకునేవారికి కాంపోజిషన్ స్కీమ్ ఉంది. రూ.1.5 కోట్ల లోపు అమ్మకం ఉన్న సరుకుల వ్యాపారులు 1 శాతం, హోటళ్లు 5 శాతం కడితే సరిపోతుంది. మూడు నెలలకోసారి చెల్లింపు, ఏడాదికోసారి రిటర్న్. అయితే ఆ పన్ను కస్టమర్ బిల్లులో వేయకూడదు. తన జేబులోంచే కట్టాలి. కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీ తిరిగి తీసుకోవడం కుదరదు. వేరే రాష్ట్రానికి అమ్మడమూ కుదరదు.

కర్ణాటకలో ఏం జరిగింది..?

2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిరు వ్యాపారులకు నోటీసులు ఇచ్చింది. 2021-22 నుంచి 2024-25 వరకు పరిమితి దాటి డబ్బు వచ్చినా జీఎస్టీ తీసుకోలేదన్నది అభ్యంతరం. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో రూ.1.63 కోట్ల లావాదేవీలకు రూ.29 లక్షలు కట్టాలని నోటీసు రావడం దేశమంతా చర్చనీయాంశమైంది. తాజా కూరగాయలకు అసలు జీఎస్టీయే లేదు. బెంగళూరులో కొన్ని దుకాణాలు క్యూఆర్ కోడ్‌లు తీసేసి నగదు మాత్రమే అని బోర్డులు పెట్టాయి. వ్యాపారుల ఆందోళనతో పాత బకాయిల కోసం ఒత్తిడి చేయబోమని, ఇకపై మాత్రం అర్హులంతా రిజిస్ట్రేషన్ చేసుకోవాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది.

దీన్నుంచి ఇక్కడి వ్యాపారులు గ్రహించాల్సింది ఒక్కటే. యూపీఐ మీద పన్ను లేదు. రూ.2 వేలు దాటిన యూపీఐ చెల్లింపులకు జీఎస్టీ అన్న ప్రచారాన్ని కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఏప్రిల్‌లోనే ఖండించింది. సమస్యంతా ఒకే ఖాతాలో అన్నీ కలిసిపోవడం వల్ల వస్తుంది. కొట్టు అమ్మకం, బావమరిది తిరిగిచ్చిన చేబదులు, చీటీ పాట డబ్బు, పొలం కౌలు.. అన్నీ ఒకే క్యూఆర్‌లో పడితే, మూడేళ్ల తర్వాత నోటీసు వచ్చినప్పుడు ఏది ఏంటో చెప్పడం ఎవరి తరమూ కాదు. పాలు, తాజా కూరగాయల లాంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. కానీ అదే కొట్టులో సబ్బులు, బిస్కెట్లు కూడా అమ్మితే పరిమితి లెక్కకు రెండూ కలుస్తాయి.

నగదు కూడా కనపడకుండా పోదు. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి రూ.10 లక్షలు, కరెంట్ ఖాతాలో రూ.50 లక్షలు, ఆపైన నగదు వేస్తే బ్యాంకులు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తాయి. ఒక వ్యక్తి దగ్గర ఒక రోజులో రూ.2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడే ప్రమాదం ఉంది.

రిటర్న్ లేకపోతే పోయేదేంటి..?

పన్ను సున్నా అయినప్పుడు రిటర్న్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు బ్యాంకు దగ్గర దొరుకుతుంది. జీతగాడికి పే స్లిప్ ఉంటుంది. వ్యాపారికి ఆదాయం రుజువు రిటర్నే. ఇంటి రుణం, వ్యాపార రుణం కోసం వెళ్తే సాధారణంగా రెండు, మూడేళ్ల రిటర్న్‌లు అడుగుతారు. గల్లాపెట్టె ఎంత నిండినా కాగితం మీద లేకపోతే బ్యాంకు లెక్కలో అది ఆదాయం కాదు.

ఇంకా బాధాకరమైన సందర్భం ఇంటి పెద్ద రోడ్డు ప్రమాదంలో చనిపోయినప్పుడు ఎదురవుతుంది. పరిహారం తేల్చేటప్పుడు మృతుడి సంపాదన ఎంతన్నది చూస్తారు. ఐటీ రిటర్న్‌లను కోర్టులు ముఖ్యమైన ఆధారంగా తీసుకుంటాయి. అవి లేకపోతే నెలకు రూ.50 వేలు సంపాదించిన వ్యాపారి కుటుంబం కూడా ఆ మాట నిరూపించుకోలేక తక్కువ అంచనాతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. ఉన్నదున్నట్టు వేసిన రిటర్న్ ఒకరకంగా ఇంట్లోవాళ్ల కోసం దాచిపెట్టే కాగితం.

అలాగని రుణం కోసం లేని ఆదాయం చూపించడమూ మంచిది కాదు. ఆ ఏడాది చూపించిన అమ్మకం జీఎస్టీ అధికారులకూ కనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పనులివే..

* ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా జరిగిన అమ్మకాన్ని నగదు, డిజిటల్ అని రెండుగా విడదీసి రాసుకోవాలి. మార్చి నెలాఖరు దాకా వచ్చేది అంచనా వేయాలి.

* ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్, 26ఏఎస్ తెరిచి చూడాలి. ఎక్కడైనా టీడీఎస్ కోత పడి ఉంటే పన్నులోంచి తగ్గుతుంది. సున్నా పన్ను ఉన్నవారికి రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది.

* కట్టాల్సింది రూ.10 వేలు, ఆపైన ఉంటే మార్చి 15లోగా కట్టి చలానా దాచుకోవాలి.

* కొట్టుకు వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ పెట్టుకోవాలి. ఇంటి డబ్బు అందులోకి రానివ్వకూడదు.

* నెలకోసారి అమ్మకం మొత్తం కూడుకుని జీఎస్టీ పరిమితికి ఎంత దూరంలో ఉన్నదీ చూసుకోవాలి.

* ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. దానికి ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు.

గత ఏళ్లలో పన్ను పడే ఆదాయం ఉండి కూడా రిటర్న్ వేయనివారికి దారి మూసుకుపోలేదు. అప్‌డేటెడ్ రిటర్న్ వేసే గడువును 48 నెలలకు పెంచారు. అయితే ఆలస్యమయ్యే కొద్దీ బరువు పెరుగుతుంది. మొదటి 12 నెలల్లో వేస్తే పన్ను, వడ్డీ మీద 25 శాతం అదనం. రెండో ఏడాదికి 50, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 70 శాతం.

ఇదిలా ఉండగా 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం-2025 అమల్లోకి వస్తోంది. 44ఏడీ లాంటి సెక్షన్ నంబర్లు మారుతాయి. గత సంవత్సరం, అసెస్‌మెంట్ సంవత్సరం అన్న మాటలు పోయి 'ట్యాక్స్ ఇయర్' ఒక్కటే ఉంటుంది. అయితే ఈ మార్చి 31తో ముగిసే ఏడాది ఆదాయానికి మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఈ నెల వేసుకోవాల్సిన లెక్క పైన చెప్పిందే.